ఆన్‌లైన్‌లో బంగారు నగ: ఫోటో నచ్చిన దగ్గర్నుంచి త్రాసులో వేసేదాకా

ఆ మధ్య ఆన్‌లైన్‌లో చెవిదిద్దులు కొన్నాను. పేజీలో బరువు 6.20 గ్రాములని ఉంది. పార్సిల్ వచ్చాక తూచి చూస్తే త్రాసు కూడా 6.20 అనే చూపించింది. వెనక ముద్ర ఉంది, డబ్బాలో బిల్లు ఉంది. హమ్మయ్య అనుకుని బీరువాలో పెట్టేశాను. రెండు వారాల తర్వాత బిల్లు తీసి తీరిగ్గా చదువుతుంటే కింద చిన్న అక్షరాల్లో ఇంకో అంకె కనబడింది. నికర బరువు 4.85 గ్రాములు. మిగతా 1.35 గ్రాములూ ఎర్రరాళ్లవి. లెక్క వేసి చూస్తే బంగారం రేటు మాత్రం మొత్తం 6.20కీ కట్టించుకున్నారు, రాళ్లకు ఇంకో వరుసలో మళ్లీ డబ్బులు తీసుకున్నారు. అంటే బంగారానికి కట్టాల్సినదానికంటే నాలుగో వంతుకు పైగా ఎక్కువ కట్టాను. వెనక్కి పంపే గడువేమో అప్పటికే దాటిపోయింది.

అది దొంగ వెబ్‌సైటేమీ కాదు, పేరున్నదే. వాళ్లు చేసింది తప్పే, కానీ ఆ తప్పు నేను కొనకముందే పేజీలో కనబడుతూనే ఉంది. నేను ఫోటో చూశాను, అంకెలు చూడలేదు. కొట్లో అయితే నగ చేతిలోకి తీసుకుని, తిరగేసి చూసి, కళ్లముందే త్రాసులో వేయించుకుంటాం. ఫోన్‌లో ఆ అవకాశం లేదు. దాని బదులు మన చేతికొచ్చేవి అంకెలే: క్యారెట్, నికర బరువు, మజూరీ, ముద్ర సంఖ్య, గడువు తేదీ. వీటిని ఒక వరుసలో సరిచూసుకుంటూ పోవడమే ఈ మార్గదర్శి.

1. అసలు అది బంగారమేనా?

వెతికే పెట్టెలో ‘గోల్డ్ చైన్’ అని కొడితే వచ్చే ఫలితాల్లో చాలావరకు బంగారం కావు. మనవాళ్లకు ‘వన్ గ్రామ్ గోల్డ్’ అంటే ఏంటో తెలుసు. అందులో ఒక గ్రాము బంగారం ఉంటుందని ఎవరూ అనుకోరు. కానీ అదే నగని ‘18 క్యారెట్ గోల్డ్ ప్లేటెడ్’ అని రాస్తే తడబడతాం. అక్కడ 18 క్యారెట్ అన్నది నగ గురించి కాదు, పైన పట్టించిన పూత గురించి. లోపల ఇత్తడో రాగో ఉంటుంది.

గోల్డ్ టోన్, గోల్డ్ ఫినిష్, మైక్రో ప్లేటెడ్, రోల్డ్ గోల్డ్, ఇవన్నీ ఆ బాపతే. వెర్మీల్ అంటే వెండి మీద బంగారు పూత. గోల్డ్ ఫిల్డ్ వీటిలో కాస్త మెరుగు, పైపొర మందంగా ఉంటుంది. అమెరికా నిబంధనల ప్రకారం ఆ పొర మొత్తం బరువులో కనీసం 20లో ఒక వంతు ఉండాలి. మిగతా 19 వంతులూ వేరే లోహమే. నగ మీద జీపీ, జీఎఫ్, హెచ్‌జీఈ లాంటి పొడి అక్షరాలు చెక్కి ఉంటే అవి పూత గుర్తులే.

ఈ పదాలన్నీ గుర్తుపెట్టుకునే ఓపిక లేకపోతే ఒక్కటి చూడండి. నిజంగా బంగారం అమ్మేవాడు క్యారెట్, గ్రాముల్లో నికర బరువు రెండూ పేజీలోనే రాస్తాడు. బరువు రాయలేదంటే దాన్ని నగగా చూడొద్దు, అలంకారంగా చూడండి. అలంకారం కొనుక్కోవడం తప్పేమీ కాదు, ధర కూడా అలంకారానికి తగ్గట్టు ఉంటే.

2. క్యారెట్ అంకెని వెయ్యిలోకి మార్చి చదవండి

మేలిమి బంగారాన్ని 24 వంతులుగా లెక్కిస్తారు. 22 క్యారెట్ అంటే 24లో 22 వంతులు బంగారం, మిగతా రెండు వంతులు రాగి, వెండి లాంటివి. ముద్రల్లో దీన్నే వెయ్యికి ఎన్ని వంతులని చెబుతారు. 22కి 916, 21కి 875, 18కి 750, 14కి 585, 9కి 375. నగ మీద 750 అని ఉండి పేజీలో 22 క్యారెట్ అని ఉంటే ఇక మాట్లాడేదేం లేదు, వెనక్కి పంపడమే.

ఏ క్యారెట్ కొనాలన్నది వేరే సంగతి. 22 మెత్తగా ఉంటుంది, అందుకే సాదా గొలుసులకు, గాజులకు బాగుంటుంది. రాళ్లు గట్టిగా పట్టి ఉండాలంటే 18 లేదా 14 నయం. రోజూ వేలికుండే వజ్రపుటుంగరాన్ని 22లో చేయిస్తే రాయిని పట్టుకునే కొక్కేలు వంగిపోతాయి. ఆన్‌లైన్‌లో వజ్రాల నగలు ఎక్కువగా 18, 14లలో ఉండటానికి ఇదొక కారణం. దాన్ని మోసం అనుకోకండి.

ఇంకో మాట. ‘916 కేడీఎం’ అని గొప్పగా రాస్తారు చూడండి, అదొక హామీ ముద్ర అని చాలామంది అనుకుంటారు. కేడీఎం అంటే కాడ్మియం. ముక్కల్ని అతికే టంకంలో వాడే లోహం. దాని పొగ పనివాళ్ల ఊపిరితిత్తులకు విషం. యూరప్‌లో నగల్లో కాడ్మియాన్ని చట్టమే కట్టడి చేసింది. స్వచ్ఛతని పరీక్షించి ఎవరో వేసే ముద్రకీ ఈ కేడీఎం అన్న మాటకీ ఏ సంబంధమూ లేదు.

3. ఆ ముద్ర ఎవరు వేశారు?

ముద్రలన్నీ ఒకటి కాదు. కొన్నింటిని అమ్మేవాడే వేసుకుంటాడు. కొన్నింటిని మూడో మనిషి పరీక్షించి వేస్తాడు. మీరు కొంటున్న దేశంలో ఏది నడుస్తుందో ముందే తెలుసుకోవాలి.

భారతదేశంలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) హాల్‌మార్క్, అంటే స్వచ్ఛత ముద్ర, 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. ఆ ఏడాది జులై నుంచి ఒక్కో నగకు ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య వచ్చింది. దాన్నే హెచ్‌యూఐడీ అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి హాల్‌మార్క్ పరిధిలోని నగల్ని ఈ సంఖ్య లేకుండా దుకాణదారు అమ్మకూడదు. కాబట్టి అక్కడి ముద్రలో మూడు భాగాలుండాలి: త్రికోణంలాంటి బీఐఎస్ గుర్తు, క్యారెట్‌తోపాటు వెయ్యి వంతుల అంకె, ఆరు అక్షరాల సంఖ్య. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ సంఖ్య కొడితే ఏ రకం నగ, ఎంత స్వచ్ఛత, ఏ కేంద్రంలో ముద్ర వేశారు, ఏ నగల వ్యాపారి తరఫున వేశారు అన్నది కనబడుతుంది. రెండు గ్రాములలోపు నగలకూ, కుందన్, పోల్కీ, జడావు లాంటి రాళ్లు పొదిగే పనికీ మినహాయింపు ఉంది. ఆ మినహాయింపులో పడే నగని ఆన్‌లైన్‌లో కొనడం నా మటుకు నాకు ఇష్టం లేదు.

బ్రిటన్‌లో ఒక గ్రాము దాటిన బంగారు వస్తువుని బంగారమని చెప్పి అమ్మాలంటే హాల్‌మార్క్ ఉండాల్సిందే. 1973 చట్టం అది. లండన్, బర్మింగ్‌హామ్, షెఫీల్డ్, ఎడిన్‌బరోలలో పరీక్షా కార్యాలయాలున్నాయి. చిరుతపులి తల కనబడితే లండన్, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, గులాబీ అయితే షెఫీల్డ్, కోట అయితే ఎడిన్‌బరో. సముద్రం ఊసే లేని ఊరికి లంగరేమిటో అనిపిస్తుంది గానీ, 1773 నుంచి దాని గుర్తు అదే.

అమెరికా తీరు పూర్తిగా వేరు. అక్కడ ప్రభుత్వ పరీక్ష తప్పనిసరి కాదు. తయారీదారు తన ఇష్టంతో క్యారెట్ ముద్ర వేసుకోవచ్చు. వేస్తే మాత్రం పక్కనే తన రిజిస్టరైన వ్యాపార గుర్తు కూడా వేయాలి. అందుకే అమెరికా సైట్లలో కొనేటప్పుడు ఉత్త ‘14 కే’ అని ఉండి పక్కన ఏ గుర్తూ లేకపోతే అడగండి.

ఇవి కాక, 1972లో వియన్నాలో కుదిరిన ఒప్పందం కింద త్రాసు బొమ్మ ఉన్న ఉమ్మడి ముద్ర ఒకటుంది. ఆ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య అది చెల్లుతుంది. వేరే దేశం నుంచి తెప్పించుకునేవాళ్లకు అది కనబడితే కొంత ధైర్యం.

అయితే ఈ ముద్రలన్నీ చెప్పేది స్వచ్ఛత ఒక్కదాని గురించే. బరువుకీ, రాళ్లకీ, ధరకీ అవి పూచీ కావు. నా దిద్దుల మీద ముద్ర కూడా నిఖార్సైనదే.

4. ధరని విప్పి చూడండి

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే, అదీ ఏ దొంగతనమూ జరక్కుండానే. ధర కింద ‘ప్రైస్ బ్రేకప్’ అనో ‘ధర వివరాలు’ అనో ఒక లింకు ఉంటుంది. దాన్ని తెరవకుండా బుట్టలో వేయొద్దు. అది లేని సైటు అయితే కస్టమర్ కేర్‌ని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట రేపు పనికిరాదు.

అందులో ఉండాల్సినవి: ఆ రోజు గ్రాము రేటు, నికర బంగారం బరువు, మజూరీ, తరుగు, రాళ్ల ధర, పన్ను. మజూరీనీ తరుగునీ కలిపి కొన్నిచోట్ల వీఏ అంటారు. పేరు ఏదైనా అది బంగారం కాదు, పనికి కట్టే డబ్బు, తిరిగి అమ్మితే రాదు. మొత్తం బరువు వేరు, నికర బరువు వేరు. మొత్తంలోంచి రాళ్లు, ముత్యాలు, పూసలు, దారాల బరువు తీసేస్తే వచ్చేది నికరం. గ్రాము రేటుని దీంతోనే గుణించాలి. రాళ్ల బరువు క్యారెట్లలో ఇస్తే ఐదుతో భాగించండి, గ్రాములొస్తాయి. ఒక క్యారెట్ రాయి 0.2 గ్రాములు. రాయి క్యారెట్ బరువుని చెబుతుంది, బంగారం క్యారెట్ స్వచ్ఛతని చెబుతుంది, మాట ఒకటే అయినా రెండూ వేరు.

ఇప్పుడు రెండు నగల్ని పోల్చాలి. ఒకటి 22, ఇంకోటి 18, మజూరీలు వేరు, బరువులు వేరు. బుర్ర తిరుగుతుంది. నేను చేసే పని ఒకటుంది. ప్రతి నగకూ ‘మేలిమి గ్రాము ధర’ కడతాను. లెక్క సులువుగా ఉండటానికి మేలిమి బంగారం గ్రాము 100 అనుకుందాం, ఏ దేశపు డబ్బైనా సరే.

మొదటిది 22 క్యారెట్ గొలుసు, నికరం 10 గ్రాములు, మజూరీ 12 శాతం. బంగారం విలువ 916. మజూరీ 110. మొత్తం 1026. ఇందులో మేలిమి 9.16 గ్రాములు. 1026ని 9.16తో భాగిస్తే 112.

రెండోది 18 క్యారెట్ గొలుసు, అదే పది గ్రాములు, మజూరీ 25 శాతం. బంగారం విలువ 750, మజూరీ 187.50, మొత్తం 937.50. మేలిమి 7.5 గ్రాములు. భాగిస్తే 125.

తెర మీద రెండోది చవగ్గా కనబడుతోంది. కానీ అందులో ఒక్కో గ్రాము మేలిమికి మీరు కట్టేది 125, మొదటిదాంట్లో 112. పన్ను రెండింటికీ ఒకే రేటు అయితే లెక్కలోంచి వదిలేయొచ్చు. డిజైన్ నచ్చి రెండోదే కొంటే కొనండి, కానీ ఆ 13 ఎందుకు కడుతున్నారో తెలిసి కొనండి.

‘మజూరీపై 50 శాతం తగ్గింపు’ అన్న ఆఫర్లని కూడా ఈ లెక్కలోంచే చూడాలి. 24 శాతంలో సగం తీసేస్తే 12. పక్క సైట్లో ఏ ఆఫరూ లేకుండా 11 ఉందనుకోండి, మీరు తగ్గింపు పేరుతో ఎక్కువ కట్టినట్టు. ముందు మజూరీ పెంచి తర్వాత తగ్గించడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు.

గ్రాము రేటు సరైనదో కాదో చూడటం కష్టం కాదు. అంతర్జాతీయ ధరని ట్రాయ్ ఔన్సుల్లో చెబుతారు. దాన్ని 31.1035తో భాగిస్తే మేలిమి గ్రాము ధర వస్తుంది. మీ దేశంలో దిగుమతి సుంకాలు, పన్నులు కలిశాక ఇంకాస్త పైన ఉంటుంది. రెండు మూడు పెద్ద సైట్ల రేట్లు పక్కపక్కన పెట్టుకుంటే ఎవరు పెంచారో తెలిసిపోతుంది.

ఇక అన్నిటికంటే పెద్ద ప్రమాద సంకేతం. నగ ధర అందులోని బంగారం విలువకంటే తక్కువగా ఉంటే అక్కడ ఆగిపోండి. ఆ నగని కరిగించి అమ్ముకుంటే అతనికి ఆ రోజు రేటు వస్తుంది. అంతకంటే తక్కువకి మీకెందుకు అమ్ముతాడు? ‘కొట్టు మూసేస్తున్నాం’, ‘కస్టమ్స్‌లో పట్టుబడ్డ సరుకు’, ‘ఈ రోజు రాత్రి 12 వరకే’, ఎన్ని కథలైనా చెప్పనీయండి. మజూరీ మీద తగ్గింపు ఉండొచ్చు, బంగారం మీద ఉండదు.

5. సైజుని కాగితం మీద కత్తిరించి చూడండి

ఫోటోలో అరచేయంత కనబడే లాకెట్ తీరా వస్తే బొటనవేలి గోరంత ఉంటుంది. పేజీలో మిల్లీమీటర్లు ఇస్తారు. ఆ కొలతతో కాగితం ముక్క కత్తిరించి మెడ దగ్గర పెట్టి అద్దంలో చూసుకోండి. చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ నన్ను రెండుసార్లు కాపాడింది.

ఉంగరానికి ఒక్కో దేశంలో ఒక్కో సైజు పద్ధతి, కొన్నిచోట్ల అంకెలు, బ్రిటన్‌లో అక్షరాలు. అందుకే లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో అడగండి. మీకు సరిపోయే ఉంగరాన్ని స్కేలు మీద పెట్టి లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవండి. అమెరికా 7 అంటే సుమారు 17.3 మిల్లీమీటర్లు. వేళ్లు పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాస్త సన్నబడతాయి, సాయంత్రం కొలవడం మేలు.

గాజుల దగ్గర ఒక తిరకాసు ఉంది. 2.4 అంటే రెండు పాయింట్ నాలుగు అంగుళాలు కాదు. రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే 2.25 అంగుళాలు, దాదాపు 57 మిల్లీమీటర్లు. 2.6 అయితే 60 పైచిలుకు, 2.8 అయితే 63.5. వేరే దేశపు సైటులో మిల్లీమీటర్లు అడిగినప్పుడు 2.4ని మామూలు దశాంశంలా గుణిస్తే 61 వస్తుంది, ఒక సైజు పెద్ద గాజు వచ్చిపడుతుంది.

బరువు తక్కువ, ఆకారం పెద్దది అయితే అది లోపల బోలుగా ఉన్న నగ. తప్పు కాదు, తేలికగా ఉంటుంది, అందంగానూ ఉంటుంది. కానీ సొట్ట పడితే బాగుచేయడం కష్టం. రోజూ వేసుకునేదానికి నేను కొనను.

6. అమ్మేది ఎవరు?

వెబ్‌సైటు చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంది కదా, అది నమ్మకమైన కొట్టని కాదు. మీకూ ఆ సైటుకూ మధ్య సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. దొంగ సైటుకీ అది ఉంటుంది.

పేరున్న కంపెనీల సైట్లకు నకళ్లు తయారుచేస్తారు. ఒక అక్షరం మారుస్తారు, లేదా చివర సేల్, ఆఫర్ అని తోక తగిలిస్తారు. లోగో, ఫోటోలు అచ్చు అసలువే. సోషల్ మీడియా ప్రకటనల్లోంచి, ఎవరో ఫార్వర్డ్ చేసిన లింకుల్లోంచి నేరుగా వెళ్లొద్దు. చిరునామా మీరే టైప్ చేయండి, లేదా యాప్‌ని అధికారిక యాప్ స్టోర్‌లోంచి దించుకోండి.

తర్వాత సైటు అట్టడుగుకి వెళ్లండి. సంస్థ చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు ఉన్నాయా? భారతదేశంలో 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఇవన్నీ చూపించాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఉత్త వాట్సాప్ నంబరు తప్ప ఏమీ లేకపోతే అది కొట్టు కాదు, ఒక ఫోన్ మాత్రమే.

అనేకమంది అమ్మకందారులుండే పెద్ద మార్కెట్ సైట్లలో ఇంకో జాగ్రత్త. సైటు పేరు చూసి కొంటాం, బిల్లు మాత్రం మనమెన్నడూ వినని వ్యాపారి పేరున వస్తుంది. ‘సోల్డ్ బై’ అన్నచోట ఎవరున్నారో చూసి, ఆ పేరుని విడిగా వెతకండి. సమీక్షల్లో ఐదు చుక్కలవాటికంటే మూడు చుక్కలవి చదవడం లాభం. కొనుక్కున్న మనిషి నిజంగా ఏం జరిగిందో రాసేది వాటిలోనే.

7. కొనకముందే వెనక్కి ఇచ్చే దారి చూడండి

గడువు ఎన్ని రోజులు? అది ఆర్డర్ రోజు నుంచా, చేతికొచ్చిన రోజు నుంచా? నగకి కట్టిన ట్యాగు తెంపితే తీసుకుంటారా? పేరు చెక్కిస్తే, సైజు మార్పిస్తే రిటర్న్ పోతుందా? తిరిగి పంపేటప్పుడు దారిలో పోతే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబులు షరతుల పేజీలో ఉంటాయి. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్లకు కారణం చెప్పకుండా వెనక్కి ఇచ్చేందుకు 14 రోజుల హక్కు ఉంది, కానీ మీకోసమే ప్రత్యేకంగా చేయించిన వస్తువుకి అది వర్తించదు. వేరేచోట్ల అక్కడి చట్టం ఏం చెబుతుందో, కంపెనీ షరతులేమిటో చూసుకోవాలి.

‘లైఫ్‌టైం ఎక్స్ఛేంజ్’ చూసి మురిసిపోకండి. ఎక్స్ఛేంజ్ అంటే వాళ్ల దగ్గరే ఇంకో నగ కొనాలి, మళ్లీ మజూరీ కట్టాలి. బైబ్యాక్ అంటే డబ్బు చేతికిస్తారు. ఏ శాతం కోసుకుంటారో, రాళ్లకు ఎంత లెక్కిస్తారో షరతుల్లో చూసి ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. షరతులు మారుతుంటాయి. నగ పేజీ, ధర వివరాలు కూడా స్క్రీన్‌షాట్ తీయండి, ఆర్డర్ అయ్యాక కొన్ని పేజీలు మాయమవుతాయి.

వజ్రాలుంటే జీఐఏ, ఐజీఐ లాంటి ప్రయోగశాల పత్రం సంఖ్య అడిగి, ఆ ప్రయోగశాల సైటులోనే సరిచూడండి. సహజ వజ్రమా, ప్రయోగశాలలో పెంచినదా అన్నది అందులో స్పష్టంగా ఉంటుంది. ధరలో తేడా చాలా ఉంటుంది.

8. డబ్బు ఎలా కట్టాలి

క్రెడిట్ కార్డు. సరుకు రాకపోయినా, వచ్చింది చెప్పినదానికి భిన్నంగా ఉన్నా కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి, అడిగే దారి ఉంటుంది. వ్యక్తి పేరు మీదున్న ఖాతాకి నేరుగా పంపినా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పంపినా మనం చేతులారా ఇచ్చినట్టే, తిరిగి రాబట్టడం చాలా కష్టం. ‘కార్డు పనిచేయట్లేదు, ఈ నంబరుకి పంపితే ఇంకో 5 శాతం తగ్గిస్తాం’ అన్నారంటే ట్యాబ్ మూసేయండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదని వేరే చెప్పక్కర్లేదు.

9. పార్సిల్ వచ్చిన రోజు

ఆ రోజు తీరిక పెట్టుకోండి. పార్సిల్ మీకు బదులు ఎవరైనా తీసుకుంటుంటే వాళ్లకు ముందే చెప్పిపెట్టండి: టేపు మీద టేపు వేసి ఉన్నా, సీలు చిరిగినా తీసుకోవద్దని. తీసుకుని సంతకం పెట్టాక గొడవ రెట్టింపు అవుతుంది.

వీడియోని ఆపకుండా ఒకే ముక్కగా తీయండి. ముందు లేబుల్ మీది ఆర్డర్ సంఖ్య, తర్వాత డబ్బా ఆరు వైపులా, సీలు దగ్గరగా, తెరవడం, నగ బయటకు తీయడం, దాన్ని త్రాసు మీద పెట్టి అంకె చూపించడం. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే ఆ వీడియోకి విలువ ఉండదు. ఫోన్‌ని దేనికైనా ఆనించి పెట్టుకోండి, రెండు చేతులూ కావాలి.

వంటింటి త్రాసు గ్రాములు మాత్రమే చూపిస్తుంది, చాలదు. 0.01 గ్రాము చూపించే చిన్న జేబు త్రాసు కావాలి. ఫ్యాను ఆపండి, చదునైన బల్ల మీద పెట్టండి, మూడుసార్లు తూచండి. బిల్లులోని మొత్తం బరువుతో పోల్చండి. ఒకటి రెండు పాయింట్ల తేడా, అంటే 0.01, 0.02 గ్రాములు, త్రాసుది కావచ్చు. 0.2 గ్రాముల తేడా వస్తే ఊరుకోవద్దు.

తర్వాత ముద్ర. ఉంగరానికి లోపలివైపు, గొలుసుకి కొక్కెం దగ్గర ఉంటుంది. కంటికి అందదు, ఫోన్ కెమెరాని మాక్రోలో పెట్టి తీసి పెద్దది చేయండి, లేదా పది రెట్లు పెంచే భూతద్దం వాడండి. హెచ్‌యూఐడీ ఉంటే యాప్‌లో కొట్టి, ‘సంఖ్య దొరికింది’ అనగానే సంతోషపడకుండా వివరాలు చదవండి. యాప్ ‘గాజు’ అంటుంటే మీ చేతిలో ఉంగరం ఉందనుకోండి, ఆ సంఖ్యని ఇంకో నగ నుంచి ఎత్తి చెక్కారన్నమాట.

రాళ్లు లేని, బోలు కాని నగ అయితే ఇంట్లోనే ఇంకో పరీక్ష చేయొచ్చు. ఉదాహరణకి 12.00 గ్రాముల సాదా గాజు. త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. గాజుని సన్నని దారంతో నీళ్లలోకి పూర్తిగా దించండి, అడుక్కీ అంచుకీ తగలకూడదు, బుడగలు అంటుకుని ఉండకూడదు. త్రాసు 0.68 చూపించిందనుకోండి. 12ని 0.68తో భాగిస్తే 17.6. 22 క్యారెట్‌కి ఇది 17.7 దరిదాపుల్లో ఉండాలి, కాబట్టి బాగుంది. మేలిమి బంగారానికి 19.3, వెండికి 10.5, ఇత్తడికి 8.5 చుట్టుపక్కల వస్తుంది. పూత వేసిన ఇత్తడి ఈ గిన్నె దగ్గర తప్పించుకోలేదు. అలాగని దీన్ని చివరి తీర్పు అనుకోవద్దు. నగ చిన్నదయ్యేకొద్దీ త్రాసులో ఒక పాయింటు తేడా కూడా జవాబుని చాలా మార్చేస్తుంది.

అయస్కాంతం పరీక్ష అందరూ చెబుతారు. బంగారం అంటుకోదు, నిజమే. రాగి, ఇత్తడి, వెండి కూడా అంటుకోవు. పైగా అసలైన గొలుసు కొక్కెంలో ఉక్కు స్ప్రింగు ఉంటే అక్కడ అంటుకుని అనవసరంగా టెన్షన్ పెడుతుంది.

అనుమానం ఉంటే నగల పరీక్ష కేంద్రానికి తీసుకెళ్లి ఎక్స్‌రే యంత్రంతో చూపించండి. నగకి ఏమీ కాదు. అది పైపొరనే చూస్తుందని గుర్తుంచుకోండి, మందపాటి పూత దాన్ని కొంతవరకు మోసం చేయగలదు. గీటురాయి మీద గీయించడం, యాసిడ్ చుక్క వేయించడం మాత్రం రిటర్న్ గడువు ముగిసేదాకా వద్దు. గీత పడిన నగని వాళ్లు వెనక్కి తీసుకోరు.

ఇవన్నీ అయ్యాకే బిల్లుని లెక్కలతో సహా చదవండి. నికర బరువుని గ్రాము రేటుతో గుణించి బంగారం వరుసతో సరిపోల్చండి. ఇది నేను రెండు వారాలు ఆలస్యంగా చేసిన పని.

10. తేడా వస్తే

నగ వేసుకోవద్దు, ట్యాగు తీయొద్దు. అదే రోజు అమ్మినవాళ్లకు ఈమెయిల్ రాయండి. ఆర్డర్ సంఖ్య, పేజీలో ఏముంది, చేతికి ఏమొచ్చింది, మీకేం కావాలి, ఈ నాలుగే. వీడియో, స్క్రీన్‌షాట్లు జతచేయండి. ఫోన్‌లో మాట్లాడితే ఆ మాటల్ని ‘మీరు ఇలా అన్నారు’ అంటూ మళ్లీ ఈమెయిల్‌లో పెట్టండి.

మార్కెట్ సైటు అయితే వాళ్ల ఫిర్యాదు విభాగంలో కూడా అదే రోజు నమోదు చేయండి. వాళ్లు ‘రెండ్రోజులు ఆగండి’ అంటూ గడువు దాటించే ప్రయత్నం చేస్తే ఆగకుండా కార్డు బ్యాంకుకి చార్జ్‌బ్యాక్ పెట్టండి. దానికీ గడువు ఉంటుంది.

భారతదేశంలో జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. సైటే నకిలీది అయ్యుంటే సైబర్ నేరాల నంబరు 1930కి వెంటనే చేయాలి, డబ్బు ఇంకో ఖాతాకి మారకముందే ఆపించడానికి మొదటి గంటలే కీలకం. హాల్‌మార్క్ ఉన్న నగలో స్వచ్ఛత తగ్గిందని తేలితే, బీఐఎస్ 2018 నియమాల ప్రకారం ఆ తగ్గుదల విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు అదనంగా వ్యాపారి కట్టాలి. ఇందుకు బిల్లు ఉండాలి, అందులో నగ వివరం, నికర బరువు, స్వచ్ఛత రాసి ఉండాలి. అందుకే బిల్లు ప్రతిని నగతోపాటు ఒకే డబ్బాలో పెట్టకుండా ఒకటి ఈమెయిల్‌లో, ఒకటి కాగితంగా వేరేచోట దాచండి. నా దిద్దుల బిల్లుని ఇప్పుడలాగే దాచాను, రాళ్ల వరుస కింద ఎర్ర గీత గీసి.